పదో తరగతి పిల్లవాడు రాత్రిపూట పళ్ళు తోముకోవడం లేదు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది: ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ అబ్బాయికి 15 ఏళ్ళు, పదో తరగతి. ఉదయం నిమిషంలో తోముకుని వెళ్ళిపోతాడు, రాత్రి తోముకోమంటే గొడవ. తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. రెండు దవడ పళ్ళలో పుచ్చు మొదలైందని దంతవైద్యులు చెప్పారు. ఆ ఫిల్లింగ్ పని పరీక్షలయ్యాక చేయించవచ్చా అనీ, మీది నల్లగొండ ప్రాంతం కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు వాడితే ప్రమాదమా అనీ, మీ అత్తగారు చెబుతున్నట్టు వేపపుల్లే మేలా అనీ అడిగారు. వచ్చే జూన్‌లో ఇంటర్‌కు హాస్టల్లో చేర్పించబోతున్నామని కూడా రాశారు.

నేను రెండు దశాబ్దాలకు పైగా దంతవైద్యం చేస్తున్నాను, నా దగ్గరకు వచ్చేవారిలో ఈ వయసు పిల్లలు చాలామంది. సూటిగా చెప్పాలంటే నా సమాధానం ఇది. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోముకోవడం అన్న ఒక్క విషయం మీదే పట్టుబట్టండి. మిగతా వాటి మీద ప్రస్తుతానికి గొడవ వద్దు. ఫిల్లింగులు పరీక్షల ముందే చేయించండి. ఫ్లోరైడ్ పేస్టు గురించి మీ అబ్బాయి విషయంలో భయం అక్కర్లేదు. రక్తం వస్తోందని అక్కడ తోముకోవడం మానకూడదు, అక్కడే ఇంకా శ్రద్ధగా తోముకోవాలి.

రాత్రి గురించే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నిద్రలో నోట్లో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలంతా పళ్ళను కాపాడేది ఈ లాలాజలమే. మనం తిన్న తీపినీ, పిండిపదార్థాన్నీ పాచిలోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లాన్ని పలుచన చేసి, పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ పోగొట్టుకున్న కాల్షియం, ఫాస్ఫేట్లను తిరిగి దానికి అందించేది లాలాజలం. రాత్రి పదకొండు దాకా చదువుకుంటూ బిస్కెట్లు తిని, పాలు తాగి, అలాగే పడుకున్న పిల్లవాడి నోట్లో ఆ మరమ్మతు జరగదు, కరగడం మాత్రం తెల్లవార్లూ సాగుతుంది. ఉదయం ఎంత బాగా తోముకున్నా అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. మన ఇళ్ళలో పాచిముఖంతో ఏమీ తినకూడదన్న నియమం బలంగా ఉంది కాబట్టి ఉదయం తోముకోవడం ఎవరూ మానరు. రాత్రికి అలాంటి నియమం లేదు, దాన్ని మనమే ఏర్పరచాలి.

ఈ వయసుకు ఇంకో కారణం ఉంది. రెండో దవడ పళ్ళు 12, 13 ఏళ్ళకు వస్తాయి. కొత్తగా పైకి వచ్చిన పంటి ఎనామిల్ పూర్తిగా గట్టిపడి ఉండదు. లాలాజలంలోని ఖనిజాలను పీల్చుకుంటూ గట్టిపడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ పళ్ళ నమిలే తలం మీద సన్నని లోతైన గాళ్ళుంటాయి, కొన్నిటిలోకి బ్రష్ కుచ్చు కూడా దూరదు. సరిగ్గా ఈ మూడేళ్ళలోనే పిల్లలు జేబు డబ్బులతో బయట తినడం మొదలుపెడతారు, తల్లిదండ్రులు దగ్గరుండి చూడటం మానేస్తారు. అందుకే మీ అబ్బాయి వయసులో పుచ్చు పళ్ళు అంత ఎక్కువగా కనిపిస్తాయి. మీ దంతవైద్యులు పుచ్చు మొదలైందన్న ఆ రెండూ కాక మిగిలిన దవడ పళ్ళలో లోతైన గాళ్ళుంటే వాటికి సీలెంట్ వేయమని అడగండి. పన్ను తొలవనవసరం లేదు, సూది అవసరం లేదు; గాళ్ళను శుభ్రం చేసి పలుచని పదార్థంతో మూసేస్తారు. ఇంత ఉపయోగపడే పనిని మన దగ్గర అడిగి చేయించుకునేవారు చాలా తక్కువగా ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తిండి విషయానికి వస్తే, తల్లిదండ్రులు "చాక్లెట్లు తినకు" అని మాత్రమే చెబుతారు. అసలు లెక్క వేరు. ఎంత తీపి తిన్నాడన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నాడన్నదే పంటికి ముఖ్యం. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచి పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 5.5 కంటే కిందికి దిగుతుంది, అంతకన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. తిరిగి మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. భోజనం తరువాత రెండు లడ్డూలు తిన్నవాడికి ఇది ఒక్కసారే జరుగుతుంది. అదే ఒక బిస్కెట్ ప్యాకెట్టు పుస్తకం పక్కన పెట్టుకుని సాయంత్రం ఆరు నుంచి పది దాకా గంటకు రెండేసి చొప్పున తిన్నవాడి పళ్ళు ఆ నాలుగు గంటలూ తేరుకోనే తేరుకోవు. కూల్‌డ్రింకు సీసా పక్కన పెట్టుకుని గుటక గుటకగా తాగడం కూడా ఇంతే. పైగా అందులో తీపితో పాటు ఆమ్లం కూడా ఉంటుంది. అది తాగిన వెంటనే తోముకోకూడదు, నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి, ఎందుకంటే అప్పటికి ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది.

నా దగ్గరకు ఒక ఇంటర్ అబ్బాయి వచ్చాడు. చాక్లెట్లు ముట్టడు, కూల్‌డ్రింకు తాగడు, తల్లి ఆ మాటే పదేపదే చెప్పింది, అయినా పై పళ్ళ పక్కల్లో వరసగా పుచ్చులు. విచారిస్తే, నిద్ర రాకుండా ఉండటానికి ఫ్లాస్కులో తీపి టీ పోసుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా తాగుతాడని తేలింది. టీ మానమని నేను చెప్పలేదు. ఒకసారి కూర్చుని తాగేసెయ్యి, ఆ తరువాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు అని మాత్రమే చెప్పాను. ఈ వయసు పిల్లలకు పూర్తిగా మానమని చెప్పేదానికన్నా ఇలాంటి సర్దుబాటే నిలుస్తుంది.

ఇక చిగుళ్ళ రక్తం సంగతి. యుక్తవయసులో హార్మోన్ల వల్ల చిగుళ్ళకు రక్తప్రసరణ పెరుగుతుంది, కొద్దిపాటి పాచికి కూడా అవి వాచి ఎర్రబడతాయి. రక్తం కనబడగానే పిల్లలు భయపడి ఆ చోటు వదిలేసి తోముకుంటారు, పాచి ఇంకా పేరుకుంటుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని సి విటమిన్ లోపమనుకుని మాత్రలు కొని వేస్తారు. నేను చూసిన పిల్లల్లో దాదాపు అందరికీ కారణం చిగురు అంచున నిలిచిన పాచే. మెత్తటి కుచ్చుల బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసే గీత మీద కొంచెం ఏటవాలుగా ఆనించి, అక్కడే చిన్నగా కదిలిస్తూ తోముకుంటే పది రోజుల నుంచి రెండు వారాల్లో రక్తం ఆగిపోవాలి. గార కట్టి ఉంటే బ్రష్‌తో పోదు, ఒకసారి స్కేలింగ్ చేయించాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. గార తీసేశాక దాని వెనక దాక్కున్న ఖాళీలు నాలుకకు తగిలి అలా అనిపిస్తుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు వారాలు బాగా తోముకున్నా రక్తం ఆగకపోయినా, ముందరి పళ్ళుగానీ ఆరేళ్ళప్పుడు వచ్చిన దవడ పళ్ళుగానీ కదులుతున్నా, చిగుళ్ళతో పాటు ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, జ్వరం, నీరసం ఉన్నా ఆలస్యం చేయకండి. మొదటి రెండింటికి దంతవైద్యుల దగ్గరకూ, చివరిదానికి రక్తపరీక్షల కోసం ఫిజీషియన్ దగ్గరకూ వెంటనే తీసుకెళ్ళాలి.

అసలు కష్టం ఇవన్నీ తెలియకపోవడంలో లేదు, పిల్లవాడి చేత చేయించడంలో ఉందని మీరు రాశారు. నిజమే. "పెద్దయ్యాక పళ్ళూడిపోతాయి" అన్న మాట 15 ఏళ్ళవాడిని కదిలించగా నేను చూడలేదు. వాళ్ళను కదిలించేవి ఈ రోజు విషయాలు: నోటి వాసన, ఫొటోలో నవ్వు, పక్కన కూర్చున్న స్నేహితుడు ఏమనుకుంటాడన్నది. అందుకే నేను మొదట పాచిని కంటికి చూపిస్తాను. క్లినిక్‌లో దానికి రంగు బిళ్ళలుంటాయి. ఇంట్లో అయితే వంటల్లో వేసే ఎర్ర రంగు నాలుగైదు చుక్కలు చెంచాడు నీళ్ళలో కలిపి, దూదితో పళ్ళకు పట్టించి, ఒకసారి పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. తోముకున్న వెంటనే ఇది చేయించండి. శుభ్రమైన చోట రంగు నిలవదు. పాచి ఉన్నచోట ముదురు ఎరుపు అంటుకుంటుంది. దాదాపు ప్రతి పిల్లవాడికీ ఒకే చోట్ల కనిపిస్తుంది: కింది ముందరి పళ్ళకు లోపలివైపు చిగురును ఆనుకుని వంపుగా ఒక చార, పై దవడ పళ్ళకు చెంపవైపు చివరన మచ్చలు, కోరపళ్ళ పక్కన ఒంపులో సన్నగా. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు కుడివైపు కోరపన్ను దగ్గర తరచుగా ఎక్కువ ఉంటుంది, చెయ్యి అక్కడ తిరగదు కాబట్టి. అద్దం వాడి చేతికే ఇచ్చి, బ్రష్ వాడి చేతికే ఇచ్చి, ఆ ఎరుపు పోయేదాకా తోముకోమని చెప్పి నేను మాట్లాడకుండా నిలబడతాను. రెండు నిమిషాలంటే ఎంతసేపో, బ్రష్‌ను ఎక్కడ ఆనించాలో వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో మీరు కూడా అలాగే చేయండి. వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి చాలు. వీలైతే మీరూ, మీ వారూ కూడా రంగు వేసుకుని చూపించండి. అప్పుడది వాడికి శిక్షలా అనిపించదు.

రోజూ "తోముకున్నావా?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు పిల్లలు ఇచ్చే జవాబు "ఆఁ" ఒక్కటే. దానికి బదులు తోముకోవడాన్ని ఇప్పటికే రోజూ జరిగే ఒక పనికి ముడిపెట్టండి: ఫోను ఛార్జింగుకు పెట్టే ముందు అనో, రాత్రి భోజనం అయిన వెంటనే కంచం తీసి సింకులో పెట్టినప్పుడు అనో. నిద్ర ముంచుకొచ్చేదాకా ఆగితే తోముకోకుండానే పడుకుంటాడు కాబట్టి, పదిన్నరకు తోముకోలేనివాడు తొమ్మిదికే తోముకుని ఆ తరువాత మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకపోయినా మంచిదే. బ్రష్, పేస్టు వాడినే దుకాణంలో ఎంచుకోనివ్వండి, బ్రష్ మీద మెత్తటిది అని ఉందా లేదా అన్నది మాత్రం మీరు చూడండి. బఠాణీ గింజంత పేస్టు చాలు. తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పంటి మీద ఎక్కువసేపు ఉంటుంది. ఇది మనవాళ్ళకు వింతగా ఉంటుంది, కనీసం రాత్రిపూట అలవాటు చేసుకోమని చెప్పండి. ఉదయం నాలుక బద్ద వాడితే నోటి వాసన గణనీయంగా తగ్గుతుంది.

పిల్లవాడిని దంతవైద్యుల దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు వాడిని ఒంటరిగా వాళ్ళతో మాట్లాడనివ్వండి. నేను ఈ వయసువాళ్ళ తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని అడుగుతాను. అలాంటప్పుడే ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి, బడి దగ్గరి బంకులో తీపి వక్కపొడి ప్యాకెట్లు కొనుక్కుని రోజూ బుగ్గన పెట్టుకుంటున్నానని చెప్పాడు. కారం తగిలితే నోరు మండుతోందనే వచ్చాడు, చెంప లోపలి పొర అప్పటికే తెల్లబడి బిగుసుకోవడం మొదలైంది. వక్కకు పొగాకు కలవకపోయినా ఈ జబ్బు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను 2004లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. పొగాకు ఉత్పత్తులను 18 ఏళ్ళలోపువారికీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపలా అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది, వక్కపొడి ప్యాకెట్టుకు మాత్రం ఆ అడ్డు లేక పిల్లలకు తేలిగ్గా దొరుకుతుంది. మీ అబ్బాయి మూడు వేళ్ళను నిలువుగా పెట్టి ముందరి పళ్ళ మధ్య పట్టించగలడో లేదో ఆటగా చూడండి. పట్టకపోతే తిట్టకుండా చూపించండి. మీ అబ్బాయికి ఆ అలవాటు ఉందని నేననడం లేదు. తిడతారన్న భయం లేనిచోటే పిల్లలు ఇలాంటివి చెబుతారు.

ఫ్లోరైడ్ గురించి మీ భయం నాకు బాగా అర్థమవుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు నుంచి వచ్చినవాళ్ళు నా దగ్గర పేస్టు పెట్టె చూసి ఇదే ప్రశ్న అడుగుతారు, వంగిపోయిన ఎముకలనూ, పచ్చబడిన పళ్ళనూ సొంత బంధువుల్లో చూసినవాళ్ళు కాబట్టి అడగడం న్యాయమే. అయితే ఆ జబ్బు తెచ్చే నీటికీ, పేస్టుకూ తేడా ఉంది. ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు వచ్చేది ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని ఏళ్ళ తరబడి తాగడం వల్ల; తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చనీ భారత ప్రమాణం. పళ్ళ మీద మచ్చలు ఏర్పడేది పన్ను ఇంకా దవడ ఎముక లోపల తయారవుతున్నప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు. 15 ఏళ్ళకు జ్ఞానదంతాలు తప్ప అన్ని పళ్ళూ తయారైపోయి ఉంటాయి, ఉమ్మేసే పేస్టు వల్ల వాటికి కొత్తగా మచ్చలు రావు. పేస్టు పని కడుపులో కాదు, పంటి ఉపరితలం మీద: కరిగిన చోట ఖనిజాలు తిరిగి చేరేలా చేసి, ఆమ్లానికి సులభంగా లొంగని పొరను ఏర్పరుస్తుంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) మించకూడదు. పెట్టె మీద ఆ అంకె చూసి కొనండి, దానికి దగ్గరగా ఉన్నదే కావాలి, చాలా మూలికల పేస్టుల్లో ఫ్లోరైడ్ అసలు ఉండదు. ఇంట్లో ఆరేళ్ళ లోపు పిల్లలుంటే, మీ నీటిలో ఇంకా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే, వాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత పేస్టే వాడి, ఆ తరువాత కూడా మింగకుండా పెద్దవాళ్ళు దగ్గరుండాలి. ఫ్లోరోసిస్ మచ్చలున్న పళ్ళు పుచ్చవన్న నమ్మకం కూడా ఉంది, అది నిజం కాదు. మచ్చల వల్ల నోరు విప్పి నవ్వడానికి సిగ్గుపడే ఆడపిల్లలను నేను చాలామందిని చూశాను. పైపొరను సన్నగా అరగదీసో, పంటి రంగు పూత వేసో ఆ మచ్చలను చాలావరకు సరిచేయవచ్చు. అలా సరిచేశాక ఆ పిల్లలే అందరికంటే శ్రద్ధగా తోముకుంటారు.

వేపపుల్లను నేను తక్కువ చేయను. నమిలి కుచ్చు చేసుకుని ఓపికగా తోముకునే పెద్దవాళ్ళ పళ్ళు శుభ్రంగా ఉండటం చూశాను. అయితే దానిలో ఫ్లోరైడ్ లేదు, కింది పళ్ళ లోపలివైపుకూ దవడ పళ్ళ వెనక్కూ అది చేరడం కష్టం, రాత్రిపూట పదిహేనేళ్ళవాడు పుల్ల తెంపుకుని తోముకుంటాడని ఆశించలేం. ఉదయం అత్తగారితో పాటు పుల్ల వేసుకుంటానంటే వేసుకోనివ్వండి, రాత్రి బ్రష్ తప్పదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం వద్దు. అవి ఎనామిల్‌ను అరగదీస్తాయి, ఆ తరువాత చల్లనీళ్ళకు కూడా పళ్ళు జివ్వుమంటాయి. రీళ్ళలో చూసి నిమ్మరసం, వంటసోడా కలిపి పళ్ళకు రుద్దుకునే పిల్లలు కూడా ఈమధ్య వస్తున్నారు. అదీ అంతే హాని.

హాస్టల్ గురించి. అలవాటు అక్కడ కొత్తగా పుట్టదు, ఇంటి నుంచి వెళ్ళినదే మిగులుతుంది. ఉదయం కుళాయిల దగ్గర వరస, స్టడీ అవర్స్ తోముకునే వేళ దాటాక ముగియడం, ట్రంకు పెట్టెలో ఇంటి నుంచి వచ్చిన మిఠాయిలు, బిస్కెట్లు: రెండేళ్ళలో పళ్ళు పాడవడానికి ఇవి చాలు. కాబట్టి జూన్‌కు ముందు మిగిలిన నెలల్లో రాత్రి తోముకోవడం వాడికి ఆలోచించకుండా జరిగే పనిగా మారాలి. వెళ్ళేటప్పుడు మూడు నాలుగు బ్రష్‌లు పెట్టి ఇవ్వండి, మూడు నెలలకోసారి మార్చమనండి. తడి బ్రష్‌ను డబ్బాలో మూసిపెట్టకుండా నిలబెట్టి ఆరనివ్వాలి. ఆదివారం చూడటానికి వెళ్ళినప్పుడు తీపి ప్యాకెట్లకు బదులు వేయించిన పల్లీలు, పుట్నాలు, జామకాయలు పట్టుకెళ్ళండి. మిఠాయి తీసుకెళితే అక్కడే కూర్చుని భోజనంతో తినిపించి, మిగిలింది వెనక్కి తెచ్చుకోండి. సెలవులకు వచ్చిన ప్రతిసారీ, అంటే కనీసం ఆరు నెలలకు ఒకసారి, పళ్ళు చూపించండి.

చివరగా, ఫిల్లింగ్ వాయిదా వేయాలా అన్న ప్రశ్న. వేయకండి. ఎనామిల్ మీద తెల్లటి మచ్చగా ఉన్న దశలో అయితే ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్ళించవచ్చు, గుంట పడ్డాక అది దానంతటదే పూడదు. మీ అబ్బాయికి పడినవి చిన్నవే అంటున్నారు కాబట్టి ఒక్కొక్కటీ ఒక్క కూర్చోవడంలో, సుమారు అరగంటలో అయిపోతాయి, చాలాసార్లు ఒకే రోజు రెండూ చేయవచ్చు, మర్నాడు బడికి వెళ్ళవచ్చు. పుచ్చు నరం దాకా వెళితే రూట్ కెనాల్, క్యాప్, అందుకు మూడు నాలుగు సార్లు తిరగడం, ఖర్చు. ఆ నొప్పి పడుకున్నప్పుడు తలకు రక్తం ఎక్కువగా చేరి రాత్రిళ్ళే ఎక్కువవుతుంది, పిల్లవాడు నిద్రపోడు. పబ్లిక్ పరీక్షల వారంలో బుగ్గ వాచి వచ్చిన పిల్లలకు నొప్పి తగ్గే మందులిచ్చి పరీక్షకు పంపవలసిన పరిస్థితి ప్రతి మార్చిలోనూ వస్తుంది. ఖర్చు ఇబ్బంది అయితే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలోనూ, విజయవాడ, కడప ప్రభుత్వ కళాశాలల్లోనూ చాలా తక్కువకు చేస్తారు. ప్రభుత్వ బడిలో చదువుతుంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే వైద్యబృందానికి చూపించి అక్కడి నుంచి రాయించుకోవచ్చు. ఈ నెలలోనే ఒక శనివారం సాయంత్రం తీసుకెళ్ళి రెండూ పూర్తి చేయించి, అదే కూర్చోవడంలో గార ఉందేమో చూడమనీ, మిగిలిన దవడ పళ్ళకు సీలెంట్ అవసరమేమో చెప్పమనీ అడగండి. వాళ్ళు చెప్పింది ఇక్కడ రాస్తే మిగిలిన సందేహాలకు తప్పకుండా జవాబిస్తాను.